ఒకే ఇల్లు, నాలుగు రకాల కాగితాలు: పాకిస్తాన్‌లో అఫ్గాన్ల చిక్కుముడి

పెషావర్ శివారులో ఒక అఫ్గాన్ ఇంటిని ఊహించుకోండి. తాత 1981లో నంగర్హార్ నుంచి సరిహద్దు దాటి వచ్చాడు. ఆయన దగ్గర పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చిన నమోదు కార్డు, పీఓఆర్ ఉంది. పెద్దకొడుకు పుట్టిందే పాకిస్తాన్‌లో. కానీ 2007 ప్రాంతంలో పేర్లు రాసుకుంటున్నప్పుడు కరాచీలో కూలిపనిలో ఉండిపోయి నమోదు తప్పిపోయాడు. పదేళ్ళ తర్వాత అతనికి దొరికింది ఏసీసీ అనే ఇంకో కార్డు. చిన్నకోడలు 2021లో కాబూల్ నుంచి వీసా మీద వచ్చింది, ఆ వీసా గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆమె ఒళ్ళో ఉన్న పిల్లాడికి ఏ కాగితమూ లేదు. నలుగురూ తినేది ఒకే తందూరులో కాలిన నాన్. పోలీసు తలుపు తట్టినప్పుడు మాత్రం నలుగురికీ నాలుగు రకాల గతి.

ఇలాంటి ఇళ్ళు అక్కడ అరుదేమీ కాదు. అందుకే 'అఫ్గాన్ శరణార్థులను పాకిస్తాన్ పంపేస్తోంది' అన్న వార్త కనబడితే మొదట అడగాల్సిన ప్రశ్న ఎంతమందిని అని కాదు, ఏ కార్డు వాళ్ళను అని. 2023 నుంచి జరిగినదంతా ఆ కార్డుల వరసలోనే జరిగింది. ముందు ఏ కాగితమూ లేనివాళ్ళు, తర్వాత ఏసీసీ వాళ్ళు, చివరికి పీఓఆర్ వాళ్ళు.

చట్టం లేని చోట కార్డే చట్టం

శరణార్థుల గురించిన 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ పాకిస్తాన్ సంతకం చేయలేదు. దేశీయంగా శరణార్థి చట్టమూ చేసుకోలేదు. విచిత్రమేమిటంటే ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌ను నడిపించే కార్యనిర్వాహక కమిటీలో మాత్రం 1988 నుంచీ సభ్యదేశమే. బయట పెద్దపీట, ఇంట్లో నియమం లేదు. 1993లో యూఎన్‌హెచ్‌సీఆర్‌తో ఒక సహకార ఒప్పందం చేసుకుంది. దాని ఆధారంగానే ఆ సంస్థ అక్కడ పనిచేస్తోంది.

కాబట్టి కాగితం లేని అఫ్గాన్‌కు వర్తించేది బ్రిటిష్ వాళ్ళు వదిలిపెట్టి పోయిన 1946 విదేశీయుల చట్టం. అందులో శరణార్థి అనే మాటే లేదు, ఉన్నది విదేశీయుడు మాత్రమే. బాంబులకు భయపడి వచ్చినవాడైనా, దొంగసరుకు తెచ్చినవాడైనా అనుమతి లేకుండా ఉంటే సెక్షన్ 14 కింద జైలు, ఆపైన బహిష్కరణ. మనకూ ఇది కొత్త కాదు. భారతదేశంలోనూ నిన్నమొన్నటి దాకా నడిచింది ఇదే 1946 చట్టం. దాని స్థానంలో కొత్త వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చింది. 1951 ఒప్పందం మీద మన సంతకమూ లేదు. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల ఉంటున్న రోహింగ్యాల చేతిలోని యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డుకు మన చట్టంలో ఎంత విలువో, ఇస్లామాబాద్‌లో అఫ్గాన్ చేతిలోని యూఎన్‌హెచ్‌సీఆర్ చీటీకి అక్కడ అంతే.

పాకిస్తాన్‌లో అఫ్గాన్‌కు రక్షణ అంటూ ఉంటే అది ఆ చట్టం నుంచి తాత్కాలికంగా ఇచ్చిన మినహాయింపు. మినహాయింపుకు గడువు ఉంటుంది. గడువు కేబినెట్ చేతిలో ఉంటుంది. ఈ మూడు వాక్యాలు గుర్తుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

రేషన్ పాస్ నుంచి స్మార్ట్ కార్డు దాకా

1979 డిసెంబర్‌లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో దిగాక పాకిస్తాన్‌కు వచ్చినవాళ్ళ సంఖ్య ఆ దశాబ్దం చివరికి 30 లక్షలు దాటింది. జియా ఉల్ హక్ ప్రభుత్వం వాళ్ళను ప్రవక్త కాలంలో మదీనాకు వలసవెళ్ళిన ముహాజిర్లతో పోల్చింది, తమను ఆశ్రయమిచ్చిన అన్సార్లతో పోల్చుకుంది. మాట మతానిది, లెక్క రాజకీయానిది. రేషన్ పాస్ కావాలంటే సోవియట్ సేనలతో పోరాడుతూ పెషావర్‌లో కార్యాలయాలు తెరిచిన ఏడు ముజాహిదీన్ పార్టీల్లో ఏదో ఒకదానిలో పేరు రాయించుకోవాలి. అంటే గోధుమలు, నూనె, టీ పొడి కోసం వరసలో నిలబడ్డ కుటుంబం ఆ యుద్ధంలో ఒక పక్షం కూడా అయిపోయేది. శరణార్థి అన్న గుర్తింపు హక్కుగా కాక అవసరాన్ని బట్టి ఇచ్చేదిగా మారడం అప్పుడే మొదలైంది. ఆ రోజుల్లో అమెరికా, సౌదీ డబ్బు పారుతోంది కాబట్టి ఎవరూ గడువు అడగలేదు.

2001లో తాలిబాన్ మొదటి ప్రభుత్వం కూలాక ఒక్క 2002లోనే 15 లక్షలకు పైగా జనం పాకిస్తాన్ నుంచి తిరిగి వెళ్ళారు. 2003లో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, యూఎన్‌హెచ్‌సీఆర్ కలిసి మూడుపక్షాల ఒప్పందం రాసుకున్నాయి. తిరిగి వెళ్ళడం స్వచ్ఛందంగానే జరగాలన్నది అందులో కీలకం. ఇక మిగిలింది కొద్దిమందే అనుకుని 2005లో లెక్క తీస్తే 30 లక్షలకు పైగా తేలారు. పిల్లలు పుడుతున్నారు, వెళ్ళినవాళ్ళలో కొందరు బతుకు సాగక మళ్ళీ వస్తున్నారు, నగరాల్లో ఉన్నవాళ్ళను అంతకుముందు ఎవరూ లెక్కపెట్టలేదు. శరణార్థి గ్రామాలు అని పిలిచే స్థావరాల్లో ఉన్నది సగం లోపే. మిగతావాళ్ళు పెషావర్ బోర్డు బజార్‌లో, కరాచీ సోహ్రాబ్ గోఠ్‌లో, క్వెట్టా హజారా టౌన్‌లో, రావల్పిండి కూరగాయల మండీల్లో కలిసిపోయి ఉన్నారు.

ఆ లెక్క తర్వాత 2006 అక్టోబర్ నుంచి 2007 ఫిబ్రవరి దాకా, పాకిస్తాన్ పౌర గుర్తింపు సంస్థ నాద్రా సుమారు 21.5 లక్షల మందిని నమోదు చేసి ఇచ్చిందే ప్రూఫ్ ఆఫ్ రిజిస్ట్రేషన్, పీఓఆర్ కార్డు. 'ఇతను పాకిస్తాన్‌లో తాత్కాలికంగా నివసిస్తున్న అఫ్గాన్ పౌరుడు' అని చెప్పే ముక్క. అరెస్టు నుంచి, బహిష్కరణ నుంచి కాపాడేది. భూమి కొనుక్కునే హక్కు ఇచ్చేది కాదు. బ్యాంకు ఖాతా తెరవడానికి సైతం 2019 దాకా పనికిరాలేదు.

ఏసీసీ, అంటే అఫ్గాన్ సిటిజన్ కార్డు, దీనికి తమ్ముడు కాదు. 2017-18లో, పీఓఆర్ దొరకని ఎనిమిది లక్షల పైచిలుకు మందికి ఇచ్చారు. కాబూల్ ప్రభుత్వం వీళ్ళకు పాస్‌పోర్టులిచ్చేదాకా ఉండనివ్వడం దాని ఉద్దేశం. శరణార్థి హోదా దానిలో ఎన్నడూ లేదు. పీఓఆర్ వాళ్ళ మంచిచెడ్డలు చూసేది యూఎన్‌హెచ్‌సీఆర్, ఏసీసీ వాళ్ళవీ కాగితం లేనివాళ్ళవీ చూసేది అంతర్జాతీయ వలస సంస్థ ఐఓఎం. పక్కపక్క ఇళ్ళలో ఉన్నవాళ్ళకు రెండు వేర్వేరు సంస్థలు, రెండు రకాల సాయం.

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ వశమయ్యాక వచ్చిన ఆరు లక్షల మందికి ఈ రెండూ దొరకలేదు. కొత్త శరణార్థులను నమోదు చేసుకునేది లేదని ఇస్లామాబాద్ ముందే చెప్పేసింది. వాళ్ళు యూఎన్‌హెచ్‌సీఆర్ భాగస్వామి సంస్థ షార్ప్ దగ్గర వివరాలిచ్చి ఒక చీటీ తీసుకుంటారు. జనం దాన్నే టోకెన్ అంటారు. చాలామంది విషయంలో వ్యవహారం ఆ చీటీ దగ్గరే ఆగిపోయింది. వీసా ఉన్నవాళ్ళు దాన్ని పొడిగించుకోవడానికి దళారుల చుట్టూ తిరిగారు, వందల డాలర్లు పోశారు.

ఇంకో తప్పిదం కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది చాలా ఇళ్ళను కూల్చింది. 2002 నుంచీ యూఎన్‌హెచ్‌సీఆర్ తిరిగివెళ్ళేవాళ్ళ కంటిపాపను స్కాన్ చేసేది, ఒకే మనిషి నగదు సాయం రెండుసార్లు తీసుకోకుండా. ఒకసారి కార్డు అప్పజెప్పి వెళ్ళి, అక్కడ పని దొరక్కనో పోరు రాజుకునో మళ్ళీ వచ్చినవాడు పీఓఆర్ వ్యవస్థకు ఇక శాశ్వతంగా పరాయివాడే. మొదటిసారి నిజాయితీగా వెళ్ళినందుకు రెండోసారి అక్రమ వలసదారు అయ్యాడు.

గడువుతో ఆట

మొదటి పీఓఆర్ కార్డులు 2009 చివరిదాకా చెల్లుతాయన్నారు. తర్వాత 2012 అన్నారు, 2013 జూన్, 2015 డిసెంబర్, 2016లో రెండుసార్లు. 2018 జనవరి మొదట్లో కేబినెట్ ముప్పై రోజులే ఇచ్చింది, నెలాఖరున ఇంకో అరవై రోజులు. అమెరికా మీద కోపం వచ్చినా, కాబూల్‌తో మాటామాటా పెరిగినా ఆ గడువు కుంచించుకుపోయేది. 2021లో వివరాలు మళ్ళీ సరిచూసి చిప్ ఉన్న స్మార్ట్ కార్డులిచ్చారు, 2023 జూన్ 30 దాకా అని. అవి 13 లక్షల పైమాట.

ఇక్కడ అసలు కీలకం పొడిగింపు కాదు, పొడిగింపులో ఆలస్యం. 2023 జూన్ 30న గడువు ముగిసింది. పొడిగిస్తున్నట్టు ప్రకటన వచ్చింది నవంబర్‌లో. మధ్యలో నాలుగు నెలలు 13 లక్షల మంది చేతిలో ఉన్నది ముగిసిపోయిన తేదీ ఉన్న కార్డు. 2024లోనూ అంతే, జూన్ 30న తీరిన గడువును పొడిగించింది జూలై 10న. ఆ సందులో చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్‌కు చదవడానికి కనిపించేది కార్డు మీది తేదీ ఒక్కటే. కేబినెట్ ఏం చేయబోతోందో అతనికి తెలియదు, తెలిసినా అవసరం లేదు. ఐదొందలో వెయ్యో చేతిలో పెడితే వదిలేస్తాడు, లేకపోతే ఠాణాకు. కార్డు చెల్లినా దాన్ని చింపేసిన ఉదంతాలు మానవహక్కుల సంస్థల నివేదికల్లో ఉన్నాయి. ఇంటద్దె ఒప్పందం, సిమ్, బడిలో చేరిక, ఆసుపత్రి అన్నీ ఆ తేదీతోనే ముడిపడి ఉండటంవల్ల గడువు ఆలస్యమైన ప్రతిసారీ బతుకంతా ఒకేసారి స్తంభించిపోయేది.

2023 అక్టోబర్ 3

ఆ ఏడాది జనవరి 30న పెషావర్ పోలీస్ లైన్స్ మసీదులో పేలుడు జరిగి ఎనభైమందికి పైగా చనిపోయారు. సెప్టెంబర్ 29న బలూచిస్తాన్‌లోని మస్తుంగ్‌లో ఇంకో ఘోరం. పాకిస్తానీ తాలిబాన్ అంటే టీటీపీ దాడులు 2021 తర్వాత పెరుగుతూ వచ్చాయి, టీటీపీ నాయకత్వానికి కాబూల్ ఆశ్రయమిస్తోందన్నది ఇస్లామాబాద్ ఆరోపణ. మస్తుంగ్ పేలుడు జరిగిన నాలుగు రోజులకే, అన్వారుల్ హక్ కాకర్ ఆపద్ధర్మ ప్రభుత్వంలో హోంమంత్రి సర్ఫరాజ్ బుగ్తీ 'అక్రమ విదేశీయులు' నవంబర్ 1లోగా వెళ్ళిపోవాలని ప్రకటించారు. ఆ ఏడాది జరిగిన 24 ఆత్మాహుతి దాడుల్లో 14 అఫ్గాన్ పౌరులు చేసినవేనని ఆయన చెప్పారు. కాగితాలు లేని అఫ్గాన్లు 17.3 లక్షల మంది ఉన్నారన్నది సర్కారు లెక్క.

దాడి చేసినవాడు అఫ్గాన్ అయినంత మాత్రాన, ముప్ఫై ఏళ్ళుగా ఇటుకబట్టీలో అడ్వాన్సు అప్పు తీర్చుకుంటున్న కుటుంబానికీ అతనికీ సంబంధం ఏమిటన్నది ఎవరూ తేల్చలేదు. తేల్చాల్సిన అవసరమూ అనిపించలేదు. కాబూల్ మీద ఒత్తిడి తేవడానికి చేతిలో ఉన్న అస్త్రం సరిహద్దు గేటు, ఆ గేటు మీదుగా తోయగలిగేది ఈ జనాన్నే. అడకత్తెరలో పోకచెక్క అన్న మాట ఇంతకన్నా సరిగ్గా అతికే చోటు దొరకదు.

2023 చివరికే దాదాపు ఐదు లక్షల మంది వెళ్ళిపోయారు. మెజారిటీ అరెస్టయి వెళ్ళినవాళ్ళు కాదు. అరెస్టు అవుతామన్న భయంతో ముందే సామాను లారీకి ఎక్కించినవాళ్ళు. అధికారిక పట్టికలో వీళ్ళంతా 'స్వచ్ఛందంగా తిరిగివెళ్ళినవారి' ఖాతాలో పడతారు. రెండో దశలో ఏసీసీ వాళ్ళకు 2025 మార్చి 31 గడువు. మూడో దశ పీఓఆర్. 2025 జూన్ 30తో ముగిసిన కార్డులను ఈసారి పొడిగించలేదు, సెప్టెంబర్ 1 నుంచి బహిష్కరణ అన్నారు. జూన్ 29న చట్టబద్ధంగా ఉన్న తాత జూలై 1 నాటికి అక్రమ విదేశీయుడు. ఆయన ఏ తప్పూ చేయలేదు, తేదీ మారిందంతే.

గేటు దాకా దారి

పీఓఆర్ ఉన్న కుటుంబం పద్ధతిగా వెళ్ళాలనుకుంటే నౌషెరా దగ్గరి అజాఖేల్‌లోనో, క్వెట్టా దగ్గరి బలేలీలోనో ఉన్న యూఎన్‌హెచ్‌సీఆర్ కేంద్రానికి పోతుంది. కుటుంబ సభ్యులంతా స్వయంగా రావాలి. కార్డులు సరిచూస్తారు, వేలిముద్రలో కంటిపాపో పోల్చుతారు, వెళ్తున్నది సొంత నిర్ణయమేనా అని అడుగుతారు. తర్వాత కార్డు మూల కత్తిరించి రద్దుచేస్తారు. చేతికి స్వచ్ఛంద పునరాగమన పత్రం వస్తుంది. నగదు ఇక్కడ ఇవ్వరు, సరిహద్దు దాటాక అఫ్గానిస్తాన్‌లోని కేంద్రాల్లో ఇస్తారు. కార్డు కత్తిరించాక వెనక్కి దారి లేదు కాబట్టి ఈ క్రమంలో అన్నిటికన్నా బరువైన ఘడియ ఆ కత్తెరదే.

మిగతావాళ్ళది వేరే దారి. పోలీసు పట్టుకుంటే హోల్డింగ్ సెంటర్, అక్కడి నుంచి లండీ కోతల్ మీదుగా తోర్ఖమ్ సరిహద్దు గేటు, లేదంటే చమన్ గేటు. వేలిముద్ర తీసుకుని గేటు దాటిస్తారు. 2023లో 50 వేల పాకిస్తానీ రూపాయలకు మించి నగదు తీసుకెళ్ళకూడదన్న ఆంక్ష పెట్టారు. ఆస్తి కొనే హక్కు లేనివాళ్ళు ఏళ్ళ తరబడి దుకాణాన్ని, ఇంటిని, లారీని పాకిస్తానీ స్నేహితుడి పేరు మీద పెట్టుకున్నారు. నాలుగు వారాల గడువులో ఆ స్నేహితుడు మంచివాడైతే వచ్చిన ధరకు అమ్మిపెట్టాడు, కాకపోతే అడగడానికి కాగితమే లేదు. గొర్రెలు, తివాచీ మగ్గాలు, కర్ర దూలాలు, కిటికీ చట్రాలు కూడా విప్పుకుని పోయిన కుటుంబాలున్నాయి. అఫ్గానిస్తాన్‌లో కలప ప్రియం, కట్టుకోవాల్సిన ఇల్లు మొదటి నుంచి కట్టుకోవాలి.

అక్కడే పుట్టినవాళ్ళ మాటేమిటి?

తమాషా ఏమిటంటే, 1951 పాకిస్తాన్ పౌరసత్వ చట్టం సెక్షన్ 4 ప్రకారం ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళు పౌరులే. దౌత్యవేత్తల బిడ్డలు, శత్రుదేశీయుల బిడ్డలు మినహాయింపు. అఫ్గాన్ల బిడ్డలకు ఈ సెక్షన్‌ను ఎన్నడూ అమలుచేయలేదు. 2018 సెప్టెంబర్‌లో ప్రధాని ఇమ్రాన్ ఖాన్ కరాచీలో నిలబడి, ఇక్కడ పుట్టిన అఫ్గాన్లకు పౌరసత్వం ఇస్తామన్నారు. మిత్రపక్షాలు గగ్గోలు పెట్టాయి, మాట వెనక్కి పోయింది.

పెళ్ళి దారి కూడా ఒంటిచేతి చప్పట్లే. పాకిస్తానీ మగవాణ్ణి చేసుకున్న విదేశీ వనితకు పౌరసత్వం దొరుకుతుంది. పాకిస్తానీ వనితను చేసుకున్న అఫ్గాన్ మగవాడికి చట్టంలో చోటు లేదు. ఫెడరల్ షరియత్ కోర్టు ఇది వివక్ష అని చెప్పినా చట్టం మారలేదు. అలాంటి భర్తలకు కనీసం పాకిస్తాన్ మూలాల కార్డు ఇవ్వాలని పెషావర్ హైకోర్టు 2023 డిసెంబర్‌లో చెప్పడంతో కొన్ని కుటుంబాలు ఊపిరి పీల్చుకున్నాయి.

సక్రమ దారులన్నీ మూసుకుంటే దొంగదారి తెరుచుకుంటుంది. లంచమిచ్చి పాకిస్తానీ గుర్తింపు కార్డు సంపాదించుకున్న అఫ్గాన్లు వేలల్లో ఉన్నారు. 1984లో పెషావర్ నాసిర్ బాగ్ శిబిరంలో తీసిన ఫోటోతో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమై ప్రపంచానికంతా తెలిసిన ఆకుపచ్చ కళ్ళ అమ్మాయి షర్బత్ గులా 2016లో అరెస్టయింది సరిగ్గా ఈ నేరం మీదే. కొద్దిరోజుల్లో అఫ్గానిస్తాన్‌కు పంపించారు. తాలిబాన్ వచ్చాక 2021లో ఆమెకు ఇటలీ ఆశ్రయమిచ్చింది.

వేరే దేశానికి పోవాల్సినవాళ్ళు

2021 తర్వాత వచ్చినవాళ్ళలో ఒక భాగానికి పాకిస్తాన్ గమ్యం కాదు, వెయిటింగ్ రూమ్. అమెరికా సైన్యంతో, సంస్థలతో పనిచేసినందువల్ల ప్రాణభయం ఉన్నవాళ్ళను ఇస్లామాబాద్ వచ్చి దరఖాస్తు నడుపుకొమ్మని ఆ దేశమే చెప్పింది. 2025 జనవరిలో ట్రంప్ శరణార్థుల ప్రవేశ కార్యక్రమాన్ని నిలిపివేయగానే వేలమంది గెస్ట్‌హౌసుల్లో చిక్కుకుపోయారు. జర్మనీ హామీ పత్రాలున్నవాళ్ళు కోర్టులకెక్కి వీసాలు సాధించుకోవాల్సి వచ్చింది, కొందరిని ఆలోపే పాకిస్తాన్ పోలీసులు సరిహద్దు దాటించేశారు. 2023లో వీళ్ళ దగ్గర దేశం విడిచే అనుమతికి మనిషికి 830 డాలర్లు వసూలు చేయబోయి, విమర్శలు వచ్చాక 400కు తగ్గించారు. ఉండటం నేరమన్నారు, పోవడానికి రుసుము అడిగారు.

సంతకం ఉంటే మారేదా?

1951 ఒప్పందం మీద పాకిస్తాన్ సంతకం చేసి ఉంటే ఇదంతా జరిగేది కాదన్న వాదన తరచూ వింటాం. పడమర వైపు చూస్తే అది నిలవదు. ఇరాన్ 1976లోనే చేరింది. ఐనా నమోదైన శరణార్థులకు ఆమాయెష్ కార్డులనీ, కాగితం లేనివాళ్ళకు తలలెక్క తీసి ఇచ్చిన సర్‌షోమారీ చీటీలనీ అక్కడా అదే వరస. 2025 జూలై 6 గడువు పెట్టి, ఇజ్రాయెల్‌తో పన్నెండు రోజుల యుద్ధం ముగిసిన వేడిలో, గూఢచారులన్న అనుమానపు మాటలతో లక్షలమందిని ఇస్లాం ఖలా సరిహద్దు దాటించింది. లోపం సంతకంలో కంటే, కార్డు రద్దైన మనిషి ఒక్కడుగా వెళ్ళి 'నా వ్యవహారం విడిగా వినండి' అని అడిగే చోటు లేకపోవడంలో ఉంది. హింసకు గురయ్యే చోటికి ఎవరినీ పంపకూడదన్న నియమం చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంలోనూ ఉంది, దాన్ని పాకిస్తాన్ 2010లో ఆమోదించింది కూడా. దాన్ని అమలుచేయించే అధికారి ఎవరన్నది తోర్ఖమ్ గేటు దగ్గర ఎవరినడిగినా చెప్పలేరు.

ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు గేటు అవతల బడి లేదు. అన్నదమ్ముడో భర్తో వెంట లేని ఆడమనిషికి ప్రయాణమే కష్టం. మాజీ సైనికుడికి, పాటగాడికి, పాత్రికేయుడికి వేరే భయాలు. కార్డు రకాన్ని బట్టి వేసిన జాబితాల్లో ఈ తేడాలేవీ పట్టవు.

2025 అక్టోబర్‌లో రెండు దేశాల సేనలు కాల్పులు జరుపుకున్నాక సరిహద్దు మూతపడింది. దానిమ్మలు, ద్రాక్ష, సిమెంటు నింపుకున్న లారీలు రెండు పక్కలా బారులు తీరాయి. నవంబర్ 1న తోర్ఖమ్ గేటు మళ్ళీ తెరిచారు, ఒక్క తిరిగివెళ్ళే అఫ్గాన్ల కోసం. సరుకు లారీలు అలాగే నిలబడిపోయాయి.